చిగుళ్ల జబ్బుకు ఏ చికిత్స? ముందు లోతు కొలిపించుకోండి, తర్వాత ఎంచుకోండి

చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని వరంగల్‌లో నలుగురిని అడిగితే నాలుగు సలహాలు వస్తాయి. మెడికల్ షాపాయన గమ్ పెయింట్ సీసా చేతిలో పెడతాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఐదు రోజులకు గోళీలు ఇస్తాడు. ఇంట్లో అవ్వ ఉప్పు నీళ్లు పుక్కిలించమంటుంది. హన్మకొండలో పండ్ల డాక్టర్ దగ్గరికి పోతే క్లీనింగ్ అనో, ఫ్లాప్ ఆపరేషన్ అనో, లేజర్ అనో అంటారు. ఒక్కోదానికీ ఒక్కో ఖర్చు. దాంతో చాలామంది తక్కువ ఖర్చు నుంచి మొదలుపెడతారు. ముందు ఉప్పు నీళ్లు, తర్వాత గోళీలు, కాస్త తగ్గినట్టు అనిపిస్తే అంతటితో వదిలేయడం, కొన్నేళ్లకు పన్ను ఊగితే పీకించుకోవడం. ఆ గోళీలకూ ఈ పీకించుకోవడానికీ మధ్యలో ఉన్నవే అసలు చికిత్సలు. వాటిలో మీకు ఏది కావాలో తేల్చేది చిగురుకూ పంటికీ మధ్య పడిన సందు ఎంత లోతు ఉందన్న కొలత. ఆ అంకె తెలియకుండా ధరలు పోల్చుకుని లాభం లేదు.

రక్తం వెనక ఏముంది

పంటి మీద రోజూ పేరుకునే మెత్తటి పొర పాచి. అందులో ఉండేవి ఎక్కువగా సూక్ష్మజీవులే. బ్రష్ అందని చోట అది లాలాజలంలోని ఖనిజాలను పట్టుకుని రెండు మూడు రోజుల్లోనే గట్టిపడడం మొదలవుతుంది, రెండు వారాలయ్యేసరికి గార అవుతుంది. గార కట్టాక ఏ పేస్టుకూ, ఏ పుల్లకూ ఊడి రాదు. పరికరంతో తీయాల్సిందే.

పాచికీ చిగురు వాపుకీ ఉన్న లంకెను 1965లో డెన్మార్క్‌లో జరిగిన ఒక ప్రయోగం స్పష్టంగా చూపించింది. చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పండ్లు తోముకోవడం మానేయమన్నారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టాక వారం రోజులకు కాస్త అటూ ఇటూగా తగ్గిపోయాయి. మన దగ్గర రక్తం కనపడగానే ‘వేడి చేసింది’ అని మజ్జిగ తాగిస్తారు. మజ్జిగ తాగితే తప్పేం లేదు, పాచి మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఈ తొలి దశను జింజివైటిస్ అంటారు. చిగురు ఎర్రబడుతుంది, తోముకుంటే రక్తం వస్తుంది, కింద ఎముకకు ఇంకా ఏమీ కాలేదు. పూర్తిగా నయమయ్యే దశ ఇదొక్కటే. దీన్ని వదిలేస్తే కొందరిలో పెరియోడాంటైటిస్‌గా మారుతుంది. చిగురు పంటి మెడ చుట్టూ చొక్కా కాలర్‌లా పట్టి ఉండాల్సింది పోయి వదులవుతుంది. ఆ సందులోకి పాచి, గార దిగుతాయి, పంటిని పట్టి ఉంచే ఎముక కొద్దికొద్దిగా కరుగుతుంది. ఇదంతా చాలామందిలో నొప్పి లేకుండానే జరిగిపోతుంది. పిప్పి పన్ను రాత్రంతా నిద్ర పోనివ్వదు కాబట్టి తెల్లారేసరికి డాక్టర్ దగ్గర ఉంటాం. చిగుళ్ల జబ్బు అలా తరమదు.

ఆ సందునే డాక్టర్లు పాకెట్ అంటారు. దాన్ని కొలిచేది ప్రోబ్, మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి కడ్డీ. ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల పెట్టి చూస్తారు. 1 నుంచి 3 మిల్లీమీటర్ల లోతు మామూలే. 4, 5 అంటే జబ్బు లోపలికి దిగింది. 6 దాటితే పరికరం అడుగు దాకా చేరడం కష్టమవుతుంది. దీంతోపాటు ఎముక ఎంత మిగిలిందో చూడడానికి ఎక్స్‌రే తీస్తారు. నోరంతా ఒకే ఫిల్మ్‌లో కనిపించేది ఓపీజీ. చిగుళ్ల విషయంలో ఓపీజీ మొత్తం పరిస్థితి చూపిస్తుంది, అనుమానం ఉన్న పంటికి చిన్న ఎక్స్‌రే కూడా అవసరం పడొచ్చు.

ఎవరైనా ప్రోబ్ పెట్టకుండానే ‘ఫ్లాప్ చేయాలి’ అంటే నేను ఆ రోజు అడ్వాన్స్ కట్టను. ప్రోబ్ పెట్టకుండానే ‘ఏం లేదు, క్లీనింగ్ చాలు’ అన్నా అంతే. ఉచిత క్యాంపుల్లో, పండుగ ఆఫర్లలో చేసే క్లీనింగ్‌లతో నాకున్న ఇబ్బంది కూడా ఇదే: పైన తెల్లగా అవుతుంది, లోపల 6 మిల్లీమీటర్లు ఉన్న సంగతి ఎవరూ చెప్పరు.

బీడీ, సిగరెట్ తాగేవారు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. పొగాకు చిగుళ్లలోని రక్తనాళాలను కుంచించుకుపోయేలా చేస్తుంది. జబ్బు ముదిరినా రక్తం సరిగా కనిపించదు. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు తాగే మగవాళ్లలో ‘నాకు రక్తమే రాదు, చిగుళ్లు గట్టివి’ అనేవాళ్లు కనిపిస్తారు. వాళ్లు రక్తం కోసం చూడకుండా లోతు కొలిపించుకోవాలి.

ఇంటి వైద్యం, మెడికల్ షాపు మందులు

గోరువెచ్చటి ఉప్పు నీళ్లు వాపును కాస్త తగ్గిస్తాయి, నోటికి హాయిగా ఉంటుంది. చవక, ప్రమాదం లేదు. గార మీద దాని ప్రభావం సున్నా. గమ్ పెయింట్ రాస్తే చిగురు కొంచెం బిగిసినట్టు అనిపిస్తుంది, అదీ పైపైనే. చిగుళ్ల మీద రుద్దే జెల్‌లు కూడా అంతే. లవంగ నూనె పిప్పి పన్ను నొప్పికి తాత్కాలికంగా పనికొస్తుంది, చిగుళ్ల జబ్బుతో దానికి సంబంధం లేదు.

ఈ వరుసలో కొంత బలం ఉన్నది క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్. మన దగ్గర ఎక్కువగా 0.2 శాతం బలంతో దొరుకుతుంది. పూటకు 10 మిల్లీలీటర్లు, నిమిషం పాటు, రోజుకు రెండు సార్లు. క్లీనింగ్ తర్వాతో, ఆపరేషన్ తర్వాత బ్రష్ పెట్టలేనప్పుడో ఒకటి రెండు వారాలకు రాస్తారు. పేస్టుతో తోముకున్న వెంటనే పోస్తే దాని పని తగ్గుతుంది, అరగంట ఆగాలి. నెలల తరబడి వాడితే పండ్లకు గోధుమ రంగు మరకలు పడతాయి, నాలుకకు రుచి తెలియదు. రక్తం ఆగిందని ఏడాదంతా ఇదే పుక్కిలించేవారు ఉన్నారు. వాళ్ల పండ్ల రంగు చూస్తేనే తెలిసిపోతుంది.

ఇక గోళీలు. అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ జంట ఆర్‌ఎంపీల దగ్గర బాగా నడుస్తుంది. పాచి, గార మీద గట్టిగా అతుక్కున్న క్రిముల పొరలోకి ఈ మందులు సరిగా చొచ్చుకుపోవు. మూడు రోజుల్లో వాపు తగ్గుతుంది, మందు ఆగాక మళ్లీ వస్తుంది. చీము పట్టి జ్వరం ఉన్నప్పుడు, చిన్న వయసులోనే జబ్బు వేగంగా ముదురుతున్న కొందరిలో, అదీ చిగురు కింది గార తీసే డీప్ క్లీనింగ్‌తో కలిపి, యాంటీబయాటిక్స్‌కు చోటుంది. అందరికీ మామూలుగా ఇవ్వొద్దని యూరప్ చిగుళ్ల వైద్య సంఘాల సమాఖ్య (యూరోపియన్ ఫెడరేషన్ ఆఫ్ పెరియోడాంటాలజీ) 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. మెట్రోనిడజోల్ వేసుకునే రోజుల్లో, ఆపాక ఇంకో రెండు మూడు రోజులు కల్లు గానీ మద్యం గానీ ముట్టొద్దు. వాంతులు, గుండె దడ వచ్చే ప్రమాదం ఉంది. ఈ మాట మన ఊళ్లలో గోళీలతో పాటే చెప్పాలి, చాలాసార్లు చెప్పరు.

మామూలు క్లీనింగ్, డీప్ క్లీనింగ్

పేర్లు దగ్గరగా ఉండడంతో రెండూ ఒకటే అనుకుంటారు. మామూలు క్లీనింగ్, అంటే స్కేలింగ్, చిగురు పైన, అంచున ఉన్న గారను అల్ట్రాసోనిక్ పరికరంతో తీసేది. సాధారణంగా మత్తు అవసరం లేదు, ఒక్క సిట్టింగ్‌లో అయిపోతుంది. జింజివైటిస్‌కు ఇది చాలు.

డీప్ క్లీనింగ్‌లో చిగురు కిందికి దిగి పంటి వేరు మీద పట్టిన గారను తీసి, వేరును నునుపు చేస్తారు. మత్తు సూది ఇస్తారు. పాకెట్లు 4, 5 మిల్లీమీటర్లు ఉన్నవారికి ఇదే ప్రధాన చికిత్స. 6 మిల్లీమీటర్లు ఉన్నా మొదట చేయాల్సింది ఇదే. చాలా పాకెట్లు దీంతోనే లోతు తగ్గుతాయి. ఆపరేషన్ కావాలా వద్దా అన్నది దీని తర్వాత, ఆరు వారాల నుంచి మూడు నెలల లోపు మళ్లీ ప్రోబ్ పెట్టి చూశాకే తెలుస్తుంది.

డీప్ క్లీనింగ్‌ను నోటిని నాలుగు భాగాలుగా చేసి నాలుగు సిట్టింగ్‌లలో చేయడం మామూలు. మొత్తం నోటిని ఒకే రోజు, లేదా వరుసగా రెండు రోజుల్లో ముగించే పద్ధతీ ఉంది. రెండింటి ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. హన్మకొండలో ఉండేవారికి ఇది పెద్ద విషయం కాదు గానీ, ఏటూరునాగారం నుంచో భూపాలపల్లి నుంచో వచ్చేవారికి నాలుగు రోజుల కూలి, నాలుగు సార్ల బస్సు చార్జీలు లెక్కలోకి వస్తాయి. మిర్చి ఏరే రోజుల్లోనైతే అసలు కుదరదు. ‘రెండు రోజుల్లో అయ్యేలా చూడగలరా’ అని అడగడానికి మొహమాటపడొద్దు. గుండె జబ్బు ఉన్నవారికి మాత్రం ఒకేసారి మొత్తం చేయడం కంటే విడివిడిగా చేయడమే మేలంటారు, ఎందుకంటే ఒక్కరోజే మొత్తం గీకితే ఒంట్లో వాపు ప్రతిస్పందన ఎక్కువగా ఉంటుంది.

క్లీనింగ్ చేయిస్తే పండ్లు కదులుతాయన్న భయం మన దగ్గర బాగా పాతుకుపోయింది. ఏం జరుగుతుందంటే, ఏళ్ల తరబడి పేరుకున్న గార పండ్ల సందులను నింపి, ఊగే పండ్లను ఒకదానికొకటి అతికించినట్టు పట్టి ఉంచుతుంది. గార తీయగానే సందులు బయటపడతాయి. చిగురు వాపు తగ్గి కిందికి దిగుతుంది, పన్ను పొడవుగా కనిపిస్తుంది. చల్లనీళ్లు తాగితే కొన్ని రోజులు జివ్వుమంటుంది. కదలిక ముందే ఉంది, గార దాన్ని దాచిపెట్టింది. జివ్వుమనడం చాలామందిలో కొన్ని వారాల్లో తగ్గుతుంది, దానికి సెన్సిటివిటీ పేస్టు సాయపడుతుంది.

ఫ్లాప్, లేజర్, బోన్ గ్రాఫ్ట్

డీప్ క్లీనింగ్ తర్వాత కూడా 6 మిల్లీమీటర్లు, అంతకు మించి మిగిలిన చోట్ల ఫ్లాప్ సర్జరీ గురించి ఆలోచిస్తారు. చిగురును కోసి పక్కకు తెరిచి, వేరును కంటితో చూస్తూ శుభ్రం చేసి, కుట్లు వేస్తారు. లోకల్ మత్తుతోనే చేస్తారు. వారం పది రోజుల్లో కుట్లు తీస్తారు. ఆ రోజుల్లో కారం, గట్టి జొన్న రొట్టె మానేసి మెత్తగా తినాలి. 4, 5 మిల్లీమీటర్లు మిగిలిన చోట ఆపరేషన్ అక్కర్లేదు, మళ్లీ ఒకసారి డీప్ క్లీనింగ్ చేయించుకోవచ్చు. కాబట్టి ‘నోరు మొత్తం ఫ్లాప్’ అని చెబితే, ఏ పండ్లకు, ఎంత లోతుకు అని అడిగి తెలుసుకోవాలి. చాలామందికి కొన్ని పండ్ల దగ్గరే అవసరం పడుతుంది. ఇంకో సంగతి, ఇంట్లో సరిగా తోముకోనివారికి ఆపరేషన్ చేసినా నిలవదు. మంచి డాక్టర్ ముందు మీ బ్రషింగ్ చూసి, తర్వాతే తేదీ ఇస్తారు. దాన్ని ఆలస్యం అనుకోకండి.

లేజర్ అంటే నొప్పి ఉండదు, రక్తం రాదు, ఒక్క రోజులో అయిపోతుంది అని చెబుతారు. చిగురు ఎక్కువగా పెరిగిన చోట కోసి సరిచేయడానికి లేజర్ బాగానే ఉంటుంది. పాకెట్ల విషయంలో డీప్ క్లీనింగ్‌కు లేజర్ జోడిస్తే అదనంగా కలిగే లాభం అంతగా రుజువు కాలేదు. పైన చెప్పిన 2020 మార్గదర్శకాలు దాన్ని జోడించమని చెప్పలేదు, వద్దనే సూచించాయి. డబ్బు పరిమితంగా ఉంటే లేజర్‌కు పెట్టేది మిగుల్చుకుని, తర్వాతి ఏడాది చెకప్‌లకు వాడుకోవడం తెలివైన పని అని నా అభిప్రాయం.

బోన్ గ్రాఫ్ట్ అంటే కరిగిన ఎముక చోట ఎముక పొడి లాంటి పదార్థం నింపడం. ఎముక ఒకే చోట బావిలా లోతుగా పోయినప్పుడు ఇది మంచి ఫలితం ఇస్తుంది. అన్ని పండ్ల చుట్టూ సమంగా తగ్గిపోయిన ఎముకను ఇది పైకి తేలేదు. ఎక్స్‌రే ముందు పెట్టుకుని మీ ఎముక ఏ రకంగా పోయిందో చూపించమనండి.

ఊగుతున్న పన్ను ఉంచాలా, పీకించాలా

పన్ను ఊగుతోందంటే పీకాల్సిందే అని కాదు. పక్కలకు 1 మిల్లీమీటర్ లోపు కదిలితే మొదటి స్థాయి, అంతకు మించితే రెండో స్థాయి, పైకీ కిందికీ కూడా దిగుతుంటే మూడో స్థాయి. మొదటి రెండింటిలో చాలా పండ్లను నిలబెట్టొచ్చు. వాపు తగ్గితే కదలిక కూడా కొంత తగ్గుతుంది. నమలడానికి ఇబ్బందిగా ఉంటే పక్క పండ్లతో కలిపి సన్నటి తీగతోనో ఫైబర్‌తోనో కడతారు, దాన్ని స్ప్లింట్ అంటారు. జబ్బుకు చికిత్స చేయకుండా స్ప్లింట్ ఒక్కటే వేస్తే కట్టు కింద పాచి ఇంకా పేరుకుంటుంది.

మూడో స్థాయిలో ఉన్న పన్ను, మాటిమాటికీ చీము పట్టే పన్ను తీయించుకోవడమే మంచిది. దాన్ని అలాగే వదిలేస్తే పక్క పంటి ఎముక కూడా తగ్గే ప్రమాదం ఉంది. పై పన్ను పీకిస్తే కంటి చూపు పోతుందని ఇప్పటికీ భయపడేవాళ్లు ఉన్నారు. పంటికీ చూపుకూ ఆ సంబంధం లేదు.

తీశాక ఆ ఖాళీని నింపడానికి మూడు దారులు. తీసి పెట్టుకునే పండ్ల సెట్ అన్నిటికంటే చవక, రాత్రి తీసి నీళ్లలో పెట్టాలి, అలవాటు పడడానికి టైం పడుతుంది. బ్రిడ్జి స్థిరంగా ఉంటుంది, కానీ అటూ ఇటూ ఉన్న పండ్లను అరగదీసి వాటి మీద బరువు వేస్తారు. ఆ పండ్లకూ చిగుళ్ల జబ్బు ఉంటే కొన్నాళ్లకు మూడూ కలిసి ఊగుతాయి, అందుకే ఇలాంటివారికి బ్రిడ్జి అంటే నాకు భయమే. ఇంప్లాంట్ ఖరీదైనది, మంచిదే, కానీ ఎముక ఉండాలి, షుగర్ అదుపులో ఉండాలి, పొగాకు మానాలి. చిగుళ్ల జబ్బుతో పండ్లు పోగొట్టుకున్నవారికి ఇంప్లాంట్ చుట్టూ కూడా అలాంటి జబ్బే వచ్చే ప్రమాదం మిగతావారి కంటే ఎక్కువ. ‘పాత పండ్లన్నీ తీసేసి ఇంప్లాంట్లు పెట్టించుకుంటే గొడవ ఉండదు’ అనే సలహా వింటే, మిగిలిన పండ్లకు చికిత్స చేస్తే ఎన్ని నిలుస్తాయో ఇంకో డాక్టర్‌ను అడిగాకే ఒప్పుకోండి.

ఎక్కడికి పోవాలి

మామూలు క్లీనింగ్, డీప్ క్లీనింగ్ బీడీఎస్ డాక్టర్ చేయగలరు. ఫ్లాప్, గ్రాఫ్ట్‌లకు బీడీఎస్ తర్వాత మూడేళ్లు చిగుళ్ల మీదే ఎండీఎస్ చదివిన పెరియోడాంటిస్ట్ ఉంటే మంచిది. పట్టణాల్లో చాలా క్లినిక్‌లకు ఈ స్పెషలిస్టులు వారంలో ఫలానా రోజు అని వచ్చి పోతుంటారు. వాళ్లు వచ్చే రోజు కనుక్కుని ఆ రోజే అపాయింట్‌మెంట్ తీసుకోండి, ఆపరేషన్ చేసేది ఎవరో ముందే అడగండి.

ఖర్చు తట్టుకోలేనివారు పీకించుకోవడం ఒక్కటే దారి అనుకోవాల్సిన పని లేదు. వరంగల్‌లోని ప్రభుత్వ ఎంజీఎం ఆసుపత్రిలో పండ్ల విభాగం ఉంది, మొదటి చూపుకూ, పండ్లు తీయించుకోవడానికీ, అత్యవసరానికీ అది దగ్గర. ఫ్లాప్ లాంటివాటికి డెంటల్ కాలేజీలు చక్కటి మధ్యేమార్గం. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, ఎంజీబీఎస్ బస్టాండ్‌కు దగ్గరే. మహబూబాబాద్, డోర్నకల్ వైపువారికి ఖమ్మంలోని మమత డెంటల్ కాలేజీ దగ్గర పడుతుంది. కరీంనగర్, జగిత్యాల వైపువారు నిజామాబాద్ దగ్గరి మేఘన డెంటల్ కాలేజీని చూడొచ్చు, కరీంనగర్ నుంచి నిజామాబాద్‌కు రైలు మార్గం కూడా ఉంది. కాలేజీల్లో పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు. టైం ఎక్కువ తీసుకుంటారు, ఎక్కువ సార్లు రమ్మంటారు. బదులుగా చార్టులో ప్రతి పంటి లోతూ రాస్తారు, ప్రైవేటుతో పోలిస్తే ఖర్చు బాగా తక్కువ. టైం ఉండి డబ్బు లేనివారికి కాలేజీ, డబ్బు ఉండి సెలవు దొరకనివారికి హన్మకొండ క్లినిక్, ఇంచుమించు లెక్క ఇదే. సింగరేణి ఉద్యోగులైతే ముందు కంపెనీ ఏరియా ఆసుపత్రిలో చూపించుకుని అడగడం మంచిది.

ధర అడిగేటప్పుడు ఒక్కో పంటికా, నోటిలో నాలుగో వంతుకా, మొత్తం నోటికా అని స్పష్టంగా అడగాలి. ఒక క్లినిక్ చెప్పింది నాలుగో వంతు ధర, ఇంకోటి చెప్పింది మొత్తం ధర అయితే పోలికే తారుమారవుతుంది. మూడు నెలల తర్వాత మళ్లీ కొలిచే చెకప్ అందులో కలిసి ఉందా అన్నది కూడా అడగండి. పరికరాలను ఆటోక్లేవ్ చేసిన, అంటే వేడి ఆవిరితో శుద్ధి చేసిన, కవర్లలోంచి మీ ముందే విప్పారా అన్నది గమనించండి. రక్తం వచ్చే పని ఇది, హెపటైటిస్ బి లాంటివి సరిగా శుద్ధి చేయని పరికరాల ద్వారా సోకగలవు.

షుగర్, బీపీ, గర్భం, గుండె

షుగర్ ఉన్నవారిలో చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది, చిగుళ్ల జబ్బు ముదిరితే షుగర్ అదుపు తప్పుతుంది. డీప్ క్లీనింగ్ చేయించుకున్నాక మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష అంకె, సగటున 0.4 దాకా తగ్గుతుందని అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. చిన్న అంకెలా కనిపిస్తుంది, ఇంకో షుగర్ గోళీ జోడిస్తే వచ్చే తగ్గుదలలో ఇది గణనీయమైన వంతు. ఆపరేషన్ అయితే షుగర్ అదుపులోకి వచ్చాకే పెట్టుకోవాలి. డీప్ క్లీనింగ్‌ను మాత్రం అంతకాలం వాయిదా వేయొద్దు.

బీపీకి వాడే ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ కొందరిలో చిగుళ్లను ఉబ్బెత్తుగా పెంచుతాయి. అలా అయితే గోళీ మీరే ఆపేయకండి. బీపీ డాక్టర్‌కు చెబితే వేరే మందుకు మార్చే వీలుంటుంది, చిగుళ్లను శుభ్రం చేయించడం తప్పదు. గుండెకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారు కూడా పండ్ల పని కోసం సొంతంగా ఆపొద్దు. కృత్రిమ గుండె వాల్వు ఉన్నవారు, ఇంతకుముందు గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ వచ్చినవారు ఆ సంగతి కుర్చీ ఎక్కక ముందే చెప్పాలి. పనికి అరగంట, గంట ముందు ఒక డోసు యాంటీబయాటిక్ ఇస్తారు.

గర్భిణుల్లో హార్మోన్ల వల్ల చిగుళ్లు ఎక్కువ వాస్తాయి. క్లీనింగ్ చేయించుకోవచ్చు, నాలుగో నెల నుంచి ఆరో నెల వరకు సౌకర్యంగా ఉంటుంది. కాన్పు అయ్యేదాకా ఆగమని ఇంట్లో చెబుతారు, ఆగాల్సిన పని లేదు.

ఇంట్లో పుల్లా, బ్రషా

వేప పుల్లను తీసిపారేసే మనిషిని కాను. బాగా నమిలి మెత్తటి కుంచె చేసుకుని తోమితే బయటి వైపు శుభ్రపడుతుంది. నాలుక వైపు, దవడ చివరి పండ్లకు, సందులకు అది అందదు. చిగుళ్ల జబ్బు మొదలయ్యేది ఎక్కువగా ఆ సందుల్లోనే. పుల్ల వదలలేనివారు పొద్దున పుల్ల, రాత్రి మెత్తటి బ్రష్ పెట్టుకోవచ్చు. బొగ్గు, ఇటుక పొడి మాత్రం పంటిని అరగదీస్తాయి, చిగురును గీరుతాయి.

బ్రష్‌ను చిగురు అంచు వైపు వాల్చి పెట్టి, మెల్లగా అక్కడక్కడే కదపాలి. గట్టి బ్రష్‌తో అడ్డంగా రుద్దితే చిగురు దిగిపోతుంది. కరెంటు బ్రష్ మామూలు బ్రష్ కంటే కొంత మెరుగు. వైద్య అధ్యయనాలను కలిపి చూసే కాక్రేన్ సంస్థ 2014లో ఇచ్చిన సమీక్ష ప్రకారం మూడు నెలలు దాటాక పాచి 21 శాతం, చిగురు వాపు 11 శాతం ఎక్కువగా తగ్గాయి. చేతులు వణికే పెద్దవారికి కొనివ్వడం దండగ కాదు. మిగతావారికి ఆ డబ్బుతో సందుల్లో దూర్చే చిన్న బ్రష్‌లు, అంటే ఇంటర్‌డెంటల్ బ్రష్‌లు, కొనుక్కుంటే ఎక్కువ లాభం. చిగురు దిగి సందులు పడినవారికి పండ్ల సందుల్లో లాగే దారం (ఫ్లాస్) కంటే ఇవే బాగా పని చేస్తాయి. ఏ సైజు సరిపోతుందో డాక్టర్ చూపించాలి. మీ ఊరి మెడికల్ షాపులో లేకపోతే ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

పెరియోడాంటైటిస్ వచ్చినవారికి చికిత్స అయ్యాక కూడా మూడు నుంచి ఆరు నెలలకోసారి క్లీనింగ్, కొలత ఉండాలి. చికిత్స ఖర్చు లెక్కేసేటప్పుడు ఈ ఖర్చునూ మొదట్నుంచే కలుపుకోండి. ఫ్లాప్‌కు అప్పు చేసి, తర్వాత రెండేళ్లు ఒక్కసారి కూడా చూపించుకోకపోతే పాకెట్లు మళ్లీ లోతవుతాయి.

పోల్చుకుంటూ కూర్చోకూడనివి

వానాకాలంలో జ్వరంతో పాటు చిగుళ్ల నుంచి రక్తం వస్తే పండ్ల డాక్టర్ దగ్గరికి కాదు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు ఇలా జరుగుతుంది. పిల్లలకు, యువకులకు ఉన్నట్టుండి చిగుళ్లు బాగా ఉబ్బి, మనిషి పాలిపోయి, ఒంటి మీద మచ్చలు కనిపిస్తే ముందు రక్త పరీక్ష చేయించాలి. బ్లడ్ క్యాన్సర్ మొదట చిగుళ్లలోనే బయటపడిన సందర్భాలు ఉన్నాయి. గుట్కా, అంబర్, ఖైనీ వేసుకునేవారి నోట్లో మూడు వారాలు దాటినా మానని పుండు, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం వేరే జబ్బుల లక్షణాలు. వీటికి నోటి సర్జన్‌కు చూపించాలి, క్లీనింగ్ చేయించి ఊరుకోకూడదు. చిగురు వాపు దవడ కిందికి, మెడ వైపు పాకి, మింగడం గానీ ఊపిరి తీసుకోవడం గానీ కష్టమైతే అర్ధరాత్రి అయినా సరే ఎంజీఎం క్యాజువాలిటీకో, దగ్గరలోని పెద్దాసుపత్రికో తీసుకుపోవాలి.